నేస్ బ్రాంచి కాలువ: పడవ ఎందాకా పోతుంది, అక్కడే ఎందుకు ఆగుతుంది?

వచ్చే వేసవిలో కుటుంబంతో కలిసి ఐర్లండ్ గ్రాండ్ కెనాల్‌లో పడవ ప్రయాణం చేద్దామనుకుంటున్నామని, పటంలో సాలిన్స్ దగ్గర ప్రధాన కాలువ నుంచి విడిపోయి నేస్ పట్టణం మీదుగా కార్బలీ దాకా సాగిన ఒక బ్రాంచి కాలువ కనిపించిందని, దానిలో చివరి వరకూ పడవ పోతుందా, పోకపోతే కారణమేమిటి, ఎప్పటికైనా ఆ దారి తెరుచుకుంటుందా అని మీరు అడిగారు. కిల్‌డేర్ కౌంటీలో స్థిరపడ్డాక ఈ కాలువ గట్ల మీద చాలాకాలంగా తిరుగుతున్నాను, పడవలున్న మిత్రులతో కలిసి ఈ లాకులు (రెండు నీటి మట్టాల మధ్య పడవను ఎక్కించి దించే తలుపుల గదులు) తెరిచి మూశాను కాబట్టి నాకు తెలిసినంతలో వివరంగా రాస్తున్నాను.

ముందుగా సూటి సమాధానం. నేస్ రేవు దాకా పడవ పోతుంది. కార్బలీ దాకా పోదు. నేస్ నుంచి న్యూబ్రిడ్జ్ వెళ్లే రోడ్డు కార్బలీ కాలువను దాటే చోట పడవ దూరే ఖాళీ లేదు. అంతకు మించి ముందుకు పోవాలంటే చేతుల మీద మోసుకుపోగలిగిన చిన్న తెడ్డు పడవ, కయాక్ అయినా ఉండాలి, లేదా గట్టు వెంట నడవాలి. అయితే ఈ ఒక్క మాట విని ఆ అవతలి భాగాన్ని చచ్చిపోయిన కాలువగా లెక్కకట్టి వదిలేయవద్దని నా మనవి. పడవలు తిరిగే నాలుగు కిలోమీటర్లు సజీవంగా ఉండటానికి, పడవలు తిరగని ఎనిమిది కిలోమీటర్లతో విడదీయరాని సంబంధం ఉంది. ఆ సంగతి అర్థమైతే మీ మూడు ప్రశ్నలకూ జవాబు దానంతటదే దొరుకుతుంది.

గ్రాండ్ కెనాల్ ప్రధాన మార్గం డబ్లిన్‌లో మొదలై పడమరగా సాగి షానన్ నది ఒడ్డున షానన్ హార్బర్ దగ్గర ముగుస్తుంది. మీరు డబ్లిన్ వైపు నుంచి వస్తే సాలిన్స్ గ్రామం దాటిన తరువాత, లిఫీ నది మీదుగా కాలువను మోసుకుపోయే లెన్‌స్టర్ అక్విడక్టు ఇంకా రాకముందే, సోల్జర్స్ ఐలండ్ అనే చోట ఎడమ చేతి వైపు నేస్ బ్రాంచి చీలుతుంది. అక్కడి నుంచి నేస్ రేవు సుమారు 4 కిలోమీటర్లు. ఈ కొద్ది దూరంలోనే ఐదు లాకులు ఉన్నాయి, అన్నీ ఎక్కవలసినవే; అంటే నేస్ పట్టణం ప్రధాన కాలువ కంటే ఐదు మెట్లు ఎత్తున ఉందన్నమాట. నేస్ రేవుకు చేరువలోనే కార్బలీ లైను విడిపోయి నైరుతి దిశగా మరో 8 కిలోమీటర్లు పోతుంది. దాని మీద ఒక్క లాకూ లేదు. ఈ చివరి వాక్యాన్ని గుర్తు పెట్టుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

ఈ బ్రాంచిని గ్రాండ్ కెనాల్ కంపెనీ మొదట తవ్వలేదు. ప్రధాన కాలువ 1779లో సాలిన్స్ దాకా సరకు రవాణాకు తెరుచుకుంది. ఆ తరువాత కాలువ తమ ఊరిని తాకకుండా పక్క నుంచి పోతున్నదని గమనించిన నేస్ ప్రాంతపు పెద్దలు, భూస్వాములు కలిసి కిల్‌డేర్ కెనాల్ కంపెనీ పేరుతో 1786లో వేరే సంస్థను ఏర్పాటు చేసుకున్నారు. నేస్ మీదుగా కిల్కల్లెన్ దాకా పోవాలన్నది వారి ఆలోచన. ఇంజనీరుగా విలియం చాప్‌మన్‌ను పెట్టుకున్నారు. ఇంగ్లండ్‌లోని విట్బీ నుంచి వచ్చిన ఈయన అప్పటికి ఇంకా పెద్ద పేరు సంపాదించుకోలేదు. కాలువ 1789లో నేస్ చేరింది. అక్కడితో కంపెనీ దగ్గర డబ్బు అయిపోయింది. కిల్కల్లెన్ మాట కాగితం మీదే మిగిలింది, చివరకు 1808లో కాలువను గ్రాండ్ కెనాల్ కంపెనీ కొనుగోలు చేసింది. కొత్త యజమానులు 1810లో కార్బలీ దాకా పొడిగించారు. కార్బలీ అప్పటికీ ఇప్పటికీ పొలాల మధ్య చిన్న పల్లె. న్యూబ్రిడ్జ్‌కూ కిల్కల్లెన్‌కూ నడుమ ఉన్న ఆ చోట రేవు కట్టి ఆపేశారు. అసలు గమ్యం చేరని కాలువకు అదే చివరి స్టేషన్ అయింది.

ఈ చిన్న కాలువకు ఇంజనీరింగ్ చరిత్రలో దాని పొడవుకు మించిన స్థానం ఉంది, దాన్ని గురించి కొంచెం నిదానంగా చెప్పాలనుకుంటున్నాను, ఎందుకంటే పడవలో వెళ్లేవారిలో ఎక్కువమంది దాని కింద నుంచే పోతూ తల ఎత్తి చూడరు. ఆ రోజుల్లో రాతి ఆర్చి వంతెన కట్టాలంటే రోడ్డూ కాలువా ఒకదానికొకటి లంబంగా ఉండాలి. రోడ్డు ఏటవాలుగా వస్తుంటే, వంతెన దగ్గర దాన్ని బలవంతంగా మలుపు తిప్పి, లంబంగా దాటించి, మళ్లీ మలుపు తిప్పి పాత దారిలో కలిపేవారు. ఐర్లండ్‌లోని పాత కాలువ వంతెనల దగ్గర రోడ్డు అకస్మాత్తుగా ఎస్ ఆకారంలో మెలికలు తిరగడానికి కారణం ఇదే. అలా చేయడానికి అదనపు భూమి కావాలి, అదనపు మట్టిపని కావాలి, బండి తోలేవాడికి ప్రమాదం. నేస్ దగ్గర చాప్‌మన్ ఈ పద్ధతిని వదిలేసి, 1787లో ఫిన్లే వంతెనను రోడ్డు వచ్చిన ఏటవాలులోనే కట్టాడు.

ఇందులోని చిక్కు ఏమిటంటే, మామూలు ఆర్చిలో రాళ్ల వరుసలు రెండు పక్కల గోడలకు సమాంతరంగా, నేలకు అడ్డంగా ఒకదానిపై ఒకటి పేర్చుకుంటూ పోతారు, బరువు ఆ వరుసలకు లంబంగా ప్రయాణించి గోడల్లోకి దిగుతుంది. వంతెన ఏటవాలుగా ఉన్నప్పుడు కూడా అలాగే పేరిస్తే, ఇరుకు కోణంలో ఉన్న మూలల దగ్గర బరువు మోయడానికి ఎదురుగా గోడ ఉండదు. ఆ మూలల రాళ్లు బయటికి తోసుకువచ్చి కూలతాయి. చాప్‌మన్ ఆలోచించిన ఉపాయం, రాళ్ల వరుసల్నే తిప్పడం. వంతెన ముఖానికి లంబంగా ఉండేలా వరుసలు పేర్చాడు. దాంతో అవి గోడ దగ్గర మొదలై, పైకి పోయేకొద్దీ మెలి తిరుగుతూ, ఆర్చి నడినెత్తిన ఏటవాలుగా దాటి, అవతలి గోడ వైపు మెలి తిరుగుతూనే దిగుతాయి. వంతెన కింద పడవ నెమ్మదిగా పోతున్నప్పుడు పైకి చూస్తే ఈ మెలిక స్పష్టంగా కంటికి కనిపిస్తుంది. ఒక్కో రాయిని విడిగా ఆ కోణానికి చెక్కవలసి వచ్చిందని తెలిసి చూస్తే, పేరు తెలియని ఆ రాతిపనివారి మీద గౌరవం కలుగుతుంది. లెక్కలతో కూడిన సిద్ధాంతం వాస్తుశిల్పి, గణితజ్ఞుడు పీటర్ నికల్సన్ వంటివారి చేతుల్లో తయారైంది తరువాతి కాలంలో. రైలు మార్గాలు వచ్చాక ఏటవాలు ఆర్చి వంతెనలు బ్రిటన్, ఐర్లండ్‌లలో వందలాదిగా వెలిశాయి. ఫిన్లే వంతెన వాటన్నిటికీ ముందుది, ఇప్పటికీ నిలిచి ఉంది.

గ్రాండ్ కెనాల్ మీది పాత వంతెనల కింద మరొకటి కూడా చూడండి. గుర్రాలు నడిచిన గట్టు వైపు, ఆర్చి మొదలయ్యే మూలరాళ్ల మీద వేలు పట్టేంత లోతు గాడులు ఉంటాయి. గుర్రం వంతెన కింద నుంచి అవతలికి వెళ్లిన తరువాత కూడా పడవ ఇంకా ఇవతలే ఉండేది, మధ్యలో బిగిసిన తాడు ప్రతిసారీ అదే మూలను రాసుకుంటూ పోయేది. తడిసిన తాడుకు అంటిన ఇసుక ఆకురాయిలా పనిచేసి తరతరాలుగా ఆ రాయిని కోసింది.

ఇక కాలువ ఎలా మూతపడిందో చెబుతాను. సాలిన్స్ నుంచి నేస్ మీదుగా టల్లో వైపు వేసిన రైలు మార్గం 1885లో నేస్‌కు చేరింది, అప్పటిదాకా బొగ్గుకూ ధాన్యానికీ పిండికీ పీట్‌కూ (వంటచెరకుగా వాడే బురదనేల మట్టి) కాలువే దిక్కుగా ఉన్న పట్టణానికి రెండో దారి దొరికింది. తరువాత లారీలు వచ్చాయి, అవి కాలువతోపాటు ఆ రైలునూ దెబ్బతీశాయి. ఆ రైలు మార్గం 1959లో మూతపడింది. గ్రాండ్ కెనాల్ కంపెనీ 1950లో ప్రభుత్వ రవాణా సంస్థ సీఐఈలో కలిసిపోయింది, 1960లో కాలువ మీద సరకు పడవలు ఆగిపోయాయి, 1961లో నేస్ బ్రాంచిని పడవలకు మూసేశారు. నిర్వహణ లేకపోవడంతో లాకు తలుపులు కుళ్లాయి, రెల్లు పెరిగింది, బురద పేరుకుంది. కార్బలీ లైను మీద అప్పటికే పడవల రాకపోకలు లేవు. పడవలు తిరగని కాలువ మీద ఎత్తైన వంతెనను నిలబెట్టుకోవాలని రోడ్ల ఇంజనీరుకు ఎందుకు అనిపిస్తుంది? పెరుగుతున్న వాహనాలకు సమతలమైన, వెడల్పైన రోడ్డు కావలసి వచ్చినప్పుడు, వంపు వంతెన స్థానంలో రోడ్డు మట్టానికే దాటింపు వేసి, నీళ్లు పోవడానికి మాత్రం కింద కల్వర్టు ఉంచారు. మీ పటంలో నీలిగీత రోడ్డును దాటి అవతల కొనసాగుతున్నట్టు కనిపించడానికి, పడవ మాత్రం ఆగిపోవడానికి కారణం ఇంతే. పటం నీటిని చూపిస్తుంది, నీటికీ రోడ్డుకూ మధ్య మిగిలిన ఎత్తును చూపించదు.

కాలువ పడవలకు పనికివస్తుందా లేదా అన్నది తేల్చేది అందులోని సగటు లోతు గానీ, మొత్తం పొడవులో ఎంత భాగం బాగుందన్న శాతం గానీ కాదు. అత్యంత ఇరుకైన, అత్యంత తక్కువ ఎత్తున్న ఒకే ఒక్క చోటు తేలుస్తుంది. ఒక్క కల్వర్టు అవతల అయిదారు కిలోమీటర్ల మంచి కాలువ ఉన్నా పడవవాడి దృష్టిలో అది లేనట్టే. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. పడవవాడి దృష్టితో చూసి, ఆ భాగాన్ని పూడ్చేసినా నష్టం లేదు, పక్కనున్న స్థలాలకు కలిపేసినా ఫరవాలేదు అనే మాట అప్పుడప్పుడూ వినిపిస్తుంటుంది. అది ప్రమాదకరమైన మాట.

ఎందుకో చెబుతాను. గోదావరి జిల్లాల్లో ధవళేశ్వరం వైపు లాకులు చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. లాకు పనిచేయాలంటే ప్రతిసారీ ఎగువ మట్టం నుంచి ఒక నిండు లాకు నీరు దిగువకు పోవాలి. పడవ ఎక్కుతున్నా దిగుతున్నా నీరు మాత్రం ఎప్పుడూ కిందికే పోతుంది; అది తిరిగి పైకి రాదు. గ్రాండ్ కెనాల్ పరిమాణపు లాకు ఒకసారి నిండి ఖాళీ అయితే లక్ష లీటర్లకు పైమాటే. నేస్ బ్రాంచిలో ఐదు లాకులూ నేస్ వైపే ఎక్కుతాయి కాబట్టి, చిట్టచివరి లాకుకు నీళ్లివ్వవలసింది దాని పైనున్న మట్టం. ఆ పై మట్టం ఏమిటి? నేస్ రేవూ, దానితో కలిసిన కార్బలీ లైనూ. ఇందాక గుర్తు పెట్టుకోమన్న మాట ఇక్కడికి వస్తుంది. కార్బలీ లైను మీద లాకులు లేవు కనుక ఆ 8 కిలోమీటర్లూ నేస్ రేవుతో ఒకే మట్టంలో ఉన్న ఒకే నీటి నిల్వ. చిన్న రేవు ఒక్కటే ఉంటే, వరసగా రెండు మూడు పడవలు లాకులు దాటేసరికి నీటి మట్టం కంటికి తెలిసేంత దిగిపోతుంది. పొడవైన కార్బలీ లైను వెనక ఉండబట్టే అంత నీరు పోయినా మట్టం వేళ్ల మందమే తగ్గి, మళ్లీ అటువైపు నుంచి చేరే నీటితో కోలుకుంటుంది. కాలువ తవ్వినవారికి రవాణా ముఖ్యం కావచ్చు, ఇవాళ ఆ భాగం చేసే పని మాత్రం నీటి నిల్వ. న్యూబ్రిడ్జ్ రోడ్డు దగ్గర దారి పడవకు మాత్రమే మూసుకుంది, నీటికి మూసుకోలేదు. ఆ కల్వర్టులో చెత్త అడ్డుపడినా, అవతలి గట్టు కారిపోయినా, మొదట ఎండేది నేస్ రేవు, ఆ తరువాత ఇబ్బందిపడేది సాలిన్స్ నుంచి ఎక్కివచ్చే పడవలు.

గట్టు కారడం అన్నది ఊరికే భయపెట్టడానికి అన్న మాట కాదు. ఇక్కడి కాలువలకు అడుగునా పక్కలా బంకమన్నును తడిపి, తొక్కి, పూతగా వేసి నీరు ఇంకకుండా చేశారు. ఆ పూత తడిగా ఉన్నంతకాలం శతాబ్దాలు నిలుస్తుంది. కాలువ ఎండిపోతే మన్ను బీటలు వారుతుంది, మళ్లీ నీళ్లు వదిలితే ఆ బీటల్లోంచి కారిపోతుంది. ఇదే గ్రాండ్ కెనాల్ మీద 1835లో తెరిచిన కిల్‌బెగన్ బ్రాంచిని చూడండి. సుమారు 13 కిలోమీటర్ల ఆ బ్రాంచిని 1961లో మూసి, నీళ్లు తీసేశారు, అప్పటినుంచి అది ఎండిన కందకంగానే ఉంది. రేవు దగ్గర భవనాలను చక్కగా బాగుచేసుకున్నారు గానీ నీరు తిరిగి రాలేదు. నేస్ బ్రాంచి కూడా అదే ఏడాది మూతపడింది. అయితే అందులో నీరు నిలిచి ఉంది. తరువాతి కథ వేరుగా నడవడానికి నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద కారణం అదే. ప్రధాన కాలువ గట్టు సైతం 1989లో ఎడెన్‌డెరీ దగ్గర తెగింది. నిత్యం కనిపెట్టుకుని ఉండే కాలువలోనే అలా జరిగితే, ఎవరూ చూడని కాలువ సంగతి ఊహించుకోవచ్చు.

పునరుద్ధరణ కథ సంతోషం కలిగించేది. ఐర్లండ్ అంతర్గత జలమార్గాల సంఘం 1954లో ఏర్పడింది. డబ్లిన్‌లో గ్రాండ్ కెనాల్ వృత్తాకార మార్గాన్ని పూడ్చి అడుగున మురుగు గొట్టాలు, పైన రోడ్డు వేయాలని 1960లలో ప్రతిపాదన వచ్చినప్పుడు గట్టిగా ఎదురు నిలిచి, కాలువలను రవాణా వ్యాపారంగా మాత్రమే చూడకూడదన్న అభిప్రాయాన్ని జనంలోకి తీసుకెళ్లింది ఈ సంఘం వంటివారే. 1986లో కాలువల బాధ్యత సీఐఈ నుంచి ప్రజాపనుల శాఖకు మారింది. మరుసటి ఏడాది, 1987లో, నేస్ బ్రాంచిలో మళ్లీ పడవలు తిరిగాయి. ఆ మధ్యలోనే, బ్రాంచి ఇంకా శిథిలంగా ఉన్న 1983లో, ఐర్లండ్ రిపబ్లిక్‌లో మొట్టమొదటి మోటార్‌వే అయిన నేస్ బైపాస్ తెరుచుకుంది, అది ఈ బ్రాంచిని దాటుకునే పోతుంది. ఆ రోజున అక్కడ కూడా న్యూబ్రిడ్జ్ రోడ్డు దగ్గర చేసినట్టు కల్వర్టుతో సరిపెట్టి ఉంటే, నేస్‌కు పడవ రావడం అన్నది మన జీవితకాలంలో జరిగేది కాదు. మీరు మోటార్‌వే కింద నుంచి పోతున్నప్పుడు పైన లారీల హోరు వినిపిస్తుంది. ఆ కాస్త ఎత్తు మిగిల్చినందుకు నేను ఎప్పుడూ మనసులో కృతజ్ఞత చెప్పుకుంటాను.

కార్బలీ దారి ఎప్పటికైనా తెరుచుకుంటుందా అన్న మీ మూడో ప్రశ్నకు ఎవరూ తేదీ చెప్పలేరు, కానీ సాధ్యం కాదని చెప్పడం సరికాదు. బల్లినమోర్, బల్లికానెల్ మధ్య కాలువ 1869 నుంచి పాడుబడి ఉండి 1994లో షానన్–ఎర్న్ జలమార్గంగా తిరిగి తెరుచుకుంది. 1961లోనే మూతపడిన రాయల్ కెనాల్‌ను 1974 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు పట్టుదలగా బాగుచేసుకుంటూ వచ్చారు, షానన్ దాకా పూర్తి మార్గం 2010లో తెరుచుకుంది. దానిమీద కూడా కల్వర్టులుగా మారిన వంతెనలు ఉండేవి, వాటిని ఒక్కొక్కటిగా మళ్లీ ఎత్తి కట్టారు. అయితే ఆ రాయల్ కెనాల్ మీదే లాంగ్‌ఫర్డ్ బ్రాంచి ఇప్పటికీ మూసే ఉంది. ఒక సముద్రతీరాన్ని ఒక నదితో కలిపే ప్రధాన మార్గానికి డబ్బు రావడం సులభం, పొలాల మధ్య ముగిసిపోయే బ్రాంచికి కష్టం. న్యూబ్రిడ్జ్ రోడ్డు నేస్‌లోకి వచ్చే ముఖ్యమైన దారి. దాన్ని ఎత్తాలంటే రెండు వైపులా వాలు రోడ్డు, పక్కనున్న ప్రవేశాలు, పనుల కాలంలో వాహనాల మళ్లింపు, అన్నీ కలిపి ఆలోచించాలి. ఇంజనీరుగా నాకు ఇందులో అసాధ్యం ఏదీ కనిపించదు. ఖర్చుకు తగిన ప్రయోజనం చూపించడమే కష్టం. అందుకే నా అభిప్రాయం ఏమిటంటే, వంతెన కోసం అడిగే ముందు గట్ల పరిరక్షణ కోసం, ఏటా కలుపు తీయడం కోసం, కల్వర్టు శుభ్రత కోసం అడగాలి. నీరు నిలిచి ఉన్న కాలువకు వంతెన ఎప్పుడైనా కట్టుకోవచ్చు. నీరు పోయిన కాలువకు వంతెన కట్టి ప్రయోజనం లేదు.

ఇక మీ ప్రయాణానికి పనికివచ్చే విషయాలు. కాలువల నిర్వహణ ఇప్పుడు వాటర్‌వేస్ ఐర్లండ్ చేతిలో ఉంది. 1998 నాటి శాంతి ఒప్పందం ఫలితంగా ఉత్తర, దక్షిణ ఐర్లండ్‌లకు ఉమ్మడిగా ఏర్పడిన సంస్థ ఇది. సొంత పడవైతే అనుమతిపత్రం తీసుకోవాలి, అద్దె పడవైతే నేస్ బ్రాంచిలోకి తీసుకుపోవడానికి యజమాని ఒప్పుకుంటారో లేదో బయానా కట్టకముందే అడగండి. గ్రాండ్ కెనాల్‌లో సుమారు 18.5 మీటర్ల పొడవు, 3.9 మీటర్ల వెడల్పు మించిన పడవ ఎలాగూ పట్టదు. బయలుదేరడానికి కొద్దిరోజుల ముందే ఆ సంస్థ ప్రకటనలు చూసి, వీలైతే ఫోన్ చేసి, బ్రాంచిలో నీటి మట్టం ఎలా ఉందో, లాకుల దగ్గర మనిషి సాయం దొరుకుతుందో లేదో కనుక్కోండి. ప్రధాన కాలువతో పోలిస్తే ఇక్కడ రాకపోకలు తక్కువ; పడవలు తక్కువగా తిరిగే నీటిలో కలుపు ఎక్కువ. ఎండాకాలం ముదిరేకొద్దీ అది ఒత్తుగా పెరిగి ప్రొపెల్లరుకు చుట్టుకుంటుంది. మీరు నెల ఎంచుకోగలిగితే మే నెల చివర గానీ జూన్ మొదట్లో గానీ వెళ్లండి. ప్రొపెల్లరు బిగుసుకుంటున్నట్టు అనిపిస్తే ఇంజను పూర్తిగా ఆపి, తాళం చెవి తీసి జేబులో వేసుకున్న తరువాతే చేయి పెట్టి కలుపు తీయాలి, ఈ ఒక్క విషయంలో తొందర పనికిరాదు.

లాకుల దగ్గర మీరు పాటించవలసింది ముఖ్యంగా ఒకటి. ఐదు లాకుల మధ్య ఉన్న కాలువ ముక్కలు పొట్టివి, వాటిలో నీటి నిల్వ తక్కువ. పడవ దాటిన తరువాత లాకులోకి నీరు వదిలే షట్టరు ఒక్కటి పూర్తిగా దించకుండా వదిలేసినా, కొద్ది గంటల్లో పై ముక్కలో పడవ బురదలో కూర్చునేంతగా నీరు దిగిపోవచ్చు. కాబట్టి ప్రతి లాకు దగ్గరా తలుపులు మూసి, షట్టర్లన్నీ అడుగు దాకా దిగాయని కంటితో చూసి, ఆ తరువాతే కదలండి. షట్టరు ఎత్తేటప్పుడు ఒక్కసారిగా ఎత్తకండి; సగం ఎత్తి, పడవ నిలకడగా ఉందని చూసి, మిగతా సగం ఎత్తండి. పైకి ఎక్కేటప్పుడు నీటి ఉరవడికి పడవ ముందుకీ వెనక్కీ ఊగుతుంది, తాడు పట్టుకున్న మనిషి దాన్ని ఏదైనా స్తంభానికి ఒక చుట్టు చుట్టి పట్టుకోవాలి గానీ చేతికి చుట్టుకోకూడదు. పిల్లలుంటే లైఫ్ జాకెట్లు వేసి, లాకు అంచుకు దూరంగా నిలబెట్టండి. ఆ అంచు రాళ్లు నాచుతో జారుతాయి.

ఐదో లాకు దాటాక నేస్ రేవులో పడవ కట్టి, కార్బలీ లైను వెంట కాలినడకన వెళ్లమని నా సలహా. పడవతో ఆ లైనులోకి కొంత దూరం పోవచ్చు, కానీ పొడవైన పడవను తిప్పుకునే చోటు ముందుగా చూసుకోకుండా పోతే వెనక్కి నడిపించుకు రావలసి వస్తుంది. దారిలో జిగిన్స్‌టౌన్ దగ్గర న్యూబ్రిడ్జ్ రోడ్డు పక్కన ఇటుక గోడల శిథిలం ఒకటి కనిపిస్తుంది. అది మొదటి చార్లెస్ రాజు తరఫున ఐర్లండ్‌ను పాలించిన థామస్ వెంట్‌వర్త్ 1630లలో మొదలుపెట్టిన భవంతి. 1641లో లండన్‌లో అతని తల నరికేనాటికి అది పూర్తి కాలేదు, ఆ తరువాతా కాలేదు. రోడ్డు దాటాక కాలువ పొలాల్లోకి పోతుంది. అక్కడ పడవల చప్పుడు లేకపోవడంతో నీటికోళ్లు, కొంగలు నిశ్చింతగా తిరుగుతుంటాయి. కయాక్ ఉంటే రోడ్డుకు అవతల దించుకుని ఇంకా దూరం పోవచ్చు. రోడ్డు దాటేటప్పుడు మాత్రం వాహనాలు చాలా వేగంగా వస్తాయి, ఇద్దరు మోస్తుంటే మూడో మనిషి ముందు నిలబడి దారి చూడాలి. పడవ అసలు వద్దనుకుంటే డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి రైలులో సాలిన్స్ దిగి, అక్కడినుంచి గట్టు వెంట నేస్ దాకా నడవడం ఒక పూట పని, ఐదు లాకులూ ఫిన్లే వంతెనా ఎలాగూ చూడవచ్చు.

మీ పడవ పొడవు, వెడల్పు, నీటిలో మునిగే లోతు, నీటిపైన దాని ఎత్తు, ఏ నెలలో ఏ వైపు నుంచి వస్తున్నారో రాస్తే, సాలిన్స్ దగ్గర ఎక్కడ రాత్రి ఆగాలో, లాకులకు ఎంత సమయం కేటాయించుకోవాలో మరింత కచ్చితంగా చెప్పగలను.